నీళ్లలో నీళ్లు

నేను ఒక లాక్టోమీటరును. పాలలో నీళ్లు కలిపారో లేదో చెప్పడం నా పని. పాలకేంద్రానికి వచ్చే ఆడవాళ్లు నన్ను గాజుపుల్ల అంటారు. ఆ పేరు నాకు మొదట్లో నచ్చలేదు. అంకెలు తెలిసిన వస్తువును కదా, కాస్త పొగరు ఉండేది.

ఎక్కడో దూరపు ఊళ్లో, మంట ముందు కూర్చున్న ఒక పనివాడు నన్ను ఊది తయారుచేశాడు. అడుగున బరువుకు సీసపు గుండ్లు పోశాడు. సన్నని మెడలోకి అంకెలు వేసిన చీటీ దూర్చి, జిగురుతో అంటించి, మూతి కరిగించి మూసేశాడు. పాలు చిక్కనైతే పైకి తేలతాను, పలుచనైతే మునుగుతాను. వట్టి నీళ్లలో సరిగ్గా సున్నా దగ్గర నిలబడతాను. నా విద్య అంతా ఇంతే.

చిత్తూరు వైపు ఒక పల్లెలో పాల సంఘం నన్ను కొన్నది. కార్యదర్శి దామోదరం మొదటిరోజే అందరి ఎదుటా నన్ను నీళ్లలో వేసి సున్నా చూపించాడు. "ఇంక ఎవురూ మోసం చేసేదానికి లేదు" అన్నాడు. ఆ ఎవరిలో తనను కూడా కలుపుకున్నాడో లేదో నాకు తెలియదు.

నీళ్లు కలిపినవాళ్ల పేర్లు కేంద్రంలోని నల్లబల్ల మీద రాయడం అక్కడి ఆచారం. రెండేళ్లలో నా మాట మీద అయిదారు పేర్లు ఎక్కాయి. అన్నీ నిజమే. ఒక పెద్దమనిషి మాత్రం అదే పేరుతో పక్క ఊళ్లో ఇంకొకడున్నాడని చాలాసేపు వాదించాడు.

ఒక ఉదయం దామోదరం ఫోనులో మాట్లాడుతూ నన్ను సిమెంటు తిన్నెకు తగిలించాడు. "పగల్లేదు, మేలు" అని తుడిచి పెట్టాడు. పగల్లేదు నిజమే. కానీ లోపల జిగురు ఊడి చీటీ కాస్త కిందికి జారింది. అప్పటినుంచి అందరి పాలనూ పలుచన అనడం మొదలుపెట్టాను. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. చిక్కని గేదెపాలు ఎలాగో గట్టెక్కాయి. ఆవుపాలు దొరికిపోయాయి. వారం తిరిగేలోగా ముగ్గురి పేర్లు బల్లెక్కాయి. వాళ్లలో రెడ్డెమ్మ ఒకతె.

రెడ్డెమ్మకు ఉన్నది ఒక్క ఆవు. కేంద్రానికి పోయగా మిగిలిన పాలు ఊళ్లో బాలింతల ఇళ్లకు వెళ్లేవి. పసిపిల్లలకు ఆమె పాలే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. బల్ల మీద పేరు పడ్డాక వాళ్లు రావడం మానేశారు. ఆమె కేంద్రం ముందే కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం చేసింది. వరుసలో కొందరు తల దించుకున్నారు, కొందరు నవ్వారు.

"నేనేం చేసేదత్తా? గాజుపుల్ల చెప్తా ఉండాది" అన్నాడు దామోదరం.

మనుషులకు ఇదొక సుఖం. తప్పు తమది కాదనుకోవడానికి ఏదో ఒక పుల్ల ఎప్పుడూ దొరుకుతుంది. ఆరోజు నాకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు రెడ్డెమ్మ పాలక్యానుతోపాటు ఒక చెంబు నీళ్లు తెచ్చింది.

"నేను ప్రమాణం చేసినా గదా నాయినా. ఇప్పుడు దాన్ని చెయ్యమను."

"అదెట్లత్తా?"

"నీళ్లల్లో సున్నాకాడ నిలబడల్లని నువ్వే గదా చూపిస్తివి. ముంచు. ఒక్క వారంలో ముగ్గురం దొంగలమైపోతిమా, దీనికే ఏమన్నా అయిందా, తేలిపోతాది."

దామోదరం నవ్వుతూనే ముంచాడు. సున్నా గీత నీళ్ల కిందికి పోయింది. వరుసలోవాళ్లు ఒకరి మీద ఒకరు పడి తొంగి చూశారు. చెంబులో ఉన్నవి వట్టి మంచినీళ్లు. ఆ నీళ్లలో కూడా నీళ్లు కలిశాయని చెప్పాను నేను. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. రెడ్డెమ్మ నవ్వలేదు.

"రేపు తుడిపిస్తాలే అత్తా."

"రాసింది నువ్వు, తుడిచేది గూడా నువ్వే. వీళ్లందురూ ఉండంగానే."

 దామోదరం భుజం మీది తువ్వాలుతోనే మూడు పేర్లూ తుడిచాడు. "తప్పు నాది. తగిలించినాక చూసుకోవల్సింది, చూసుకోలేదు" అని వరుస చివరిదాకా వినిపించేలా అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను అడ్డం పెట్టుకున్న మనిషి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

పేరు రాయాల్సి వస్తే ముందు పుల్లను నీళ్లలో ముంచి చూడాలని సంఘం తీర్మానించింది. కొత్త లాక్టోమీటరు వచ్చింది. నన్ను పారేయబోతే రెడ్డెమ్మే ఆపి కిటికీలో పెట్టించింది. అక్కడినుంచి అంతా చూస్తూనే ఉన్నాను. బల్ల తుడిచినంత సులువుగా మనసులు తుడవడం కుదరదు. బాలింతల ఇళ్లవాళ్లు మళ్లీ రాలేదు.

మొన్న ఉదయం కొత్తపుల్ల రెడ్డెమ్మ పాలలోనే మునిగింది.  దామోదరం సుద్దముక్క ముట్టుకోలేదు. నీళ్లు తెప్పించి పుల్లను ముంచాడు. అది బుద్ధిగా సున్నా దగ్గర నిలబడింది. రెడ్డెమ్మ క్యానులోకి ఒకసారి చూసుకుంది.

"క్యాను కడిగిన నీళ్లు ఒంపకుండానే పిండేసినట్టుండా. తప్పు నాదే. ఈ పూట నా పాలు వద్దు, పేరు రాసుకో నాయినా" అని క్యాను ఎత్తుకుంది.

వెనక నిలబడిన సరస్వతి ఆమె కొంగు పట్టుకుని ఆపింది. సరస్వతి కోడలు ప్రసవించి నెల కాలేదు.

"అక్కా, రేప్పొద్దున్నుంచి మా పసిదానికి పాలు పోస్తావా?"

రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది.

"పోస్తా. ఈడికే రా. నువ్వే పుల్ల ముంచి చూసుకున్నాకనే పోస్తా."