ఇనుపకడ్డీ దిగిన చోటు

కడ్డీ దిగలేదు, రాయి తగిలింది. వెర్డీ దాన్ని పైకి లాగి అడుగు పక్కన మళ్లీ గుచ్చింది. పాతికేళ్లుగా ఇదే ఆమె పని. కెంటకీ కొండల చరిత్ర పోగుచేసే కాలేజీ కేంద్రంలో చిన్న ఉద్యోగం, పేరులేని సమాధులు వెతకడం. ఒకసారి తవ్వి పూడ్చిన నేలలో కడ్డీ జానెడు ఎక్కువ దిగుతుంది. అక్కడ నారింజరంగు జెండా పాతి, పుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకం చూసి ప్రొఫెసర్లు వ్యాసాలు రాస్తారు. వాటిలో ఎక్కడా ఆమె పేరుండదు. అడగాలని ఆమెకెప్పుడూ తోచనూ లేదు, పిచ్చితల్లి!

యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమకన్ను నిన్నటి దెబ్బకు కమిలి మూసుకుపోయింది.

నిన్న బొగ్గు కోసం కొండను పేల్చే గని మనుషులొచ్చి పద్దెనిమిది జెండాలూ పీకి వాగులో పారేశారు. మీదికొచ్చిన ఆమె కుక్కను కాల్చేశారు. సమాధికి వంద అడుగుల లోపు కొండను పేల్చకూడదని చట్టం. పేలిస్తే కింద పదకొండు ఇళ్లకు నీళ్లిచ్చే ఊట పోతుంది. "నలభై ఏళ్లుగా ఎవర్నీ పూడ్చని చోటు శ్మశానమెలా అవుతుంది?" అంటాడు కంపెనీ వకీలు. ఇవాళ మూడింటికి తనిఖీ అధికారి వస్తాడు. జెండాలు కనబడకపోతే నాలుగింటికి కొండ లేచిపోతుంది.

వాగులోంచి ఏరుకొచ్చిన జెండాల్లో పదహారు మధ్యాహ్నానికి మళ్లీ నిలబెట్టింది. మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుని తింటుండగా ముగ్గురు పైకొచ్చారు. ముందున్నవాడు ఆమె చెల్లెలి కొడుకు డెన్జిల్. గనిలో బుల్డోజర్ తోలతాడు. జెండాలు పీకడానికి పార తెచ్చాడు.

"పెద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, ఇంటికెళ్లిపో. చచ్చినోళ్ల కోసం బతికున్నోళ్ల పొట్ట కొడతావా?"

"ఆ చచ్చినోళ్లలో మీ తాత కూడా ఉన్నాడురా. అన్నం తిన్నావా?"

"తిండి సంగతి నువ్వే అడగాలి! నా పని పోతే పిల్లలకేం పెట్టను?"

"వాళ్లు తాగేది ఆ ఊట నీళ్లే కదరా, సన్నాసీ!"

వెనకున్న రోస్కో పకపకా నవ్వి, ఒక తలాపు రాయిని బూటుకాలితో తన్నాడు. వెర్డీ కడ్డీ ఎత్తి వాడి మోకాలి కింద కొట్టింది. ఎముక పటుక్కుమంది. మూడోవాడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి కడుపులో తన్నాడు. ఆమె వాడి మణికట్టు కొరికింది. వాడు గావుకేక పెట్టినా వదల్లేదు. డెన్జిల్ విడిపించడానికే వచ్చాడో, కొట్టడానికే వచ్చాడో వాడికే తెలియదు. పార తిరిగి, దాని కర్ర ఆమె చెవి మీద పడింది.

"పెద్దమ్మా!"

"పో," అందామె నేల మీంచే. "మీ అమ్మతో చెప్పకు."

రోస్కోను మోసుకుంటూ వాళ్లు దిగిపోయారు. వెర్డీ ఊడిపోయిన తలగుడ్డతో చెవి అదుముకుని లేచింది. మిగిలిన రెండు జెండాలూ పాతింది. ఇక దొరకనిది ఒక్కటే, తండ్రి సమాధి. దాని రాయి ఎప్పుడో దొర్లిపోయింది. గుచ్చింది, దిగలేదు. జరిగి గుచ్చింది, దిగలేదు. ముళ్లపొద కొమ్మలు పక్కకు నెట్టి ఇంకోసారి గుచ్చితే కడ్డీ సగానికి దిగిపోయింది.

"ఇక్కడున్నావా నాయనా!" అంది.

జెండాలు అయిపోయాయి. నెత్తుటి తలగుడ్డనే కడ్డీకి కట్టి, కాస్త ఊపిరి తీసుకుందామని పక్కన ఒరిగింది.

మూడింటికి వచ్చిన అధికారి ఆమె నిద్రపోతోందనుకున్నాడు. ఆ రోజుకు పేలుడు ఆగింది.

ఆ కొండల్లో సమాధిని యంత్రంతో కాదు, అయినవాళ్లే పారపట్టి తవ్వాలి. డెన్జిల్ పోలీసులకు జరిగిందంతా చెప్పి, జైలుకెళ్లే ముందు ఒక్కపూట గడువు అడిగి తెచ్చుకున్నాడు. పోలీసు గట్టు మీద నిలబడి ఉండగా, తాత పక్కన ఒక్కడే తవ్వాడు. ఏడుస్తూ తవ్వాడు. పార అందుకోబోయిన వాళ్లనల్లా తోసేశాడు. నలభై ఏళ్ల మాట వకీలు మళ్లీ ఎత్తలేదు.

తండ్రికీ కూతురికీ నడుమ ఆ ఇనుపకడ్డీ అలాగే ఉంది, ఎండి గట్టిపడిన తలగుడ్డ దాని మీద టపటపా కొట్టుకుంటూ.