దుప్పటి వెనక పెట్టెలు

“ఇచ్చాడు నాన్నా! ఇచ్చేశాడు!” అని ప్రకాష్ వీధి గుమ్మంలోంచే అరిచేసరికి జక్రయ్య మోచేతి దాకా చెక్కపెట్టెలో చెయ్యి పెట్టి దూది సర్దుతున్నాడు. పక్కనే కోడలు మహిమ దూది తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చర్చి నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు. జరీ అంచు నిండా దూదిపింజలే.

జక్రయ్య తల తిప్పలేదు. “ఏమిచ్చాడు? ఎవడిచ్చాడు?” అన్నాడు, ఏమీ ఎరగనట్టు. పెట్టె లోపల ఆయన చెయ్యి ఆగిపోవడం మాత్రం మహిమ చూసింది.

“మా షాపు ఓనరు. జపాను స్పీకర్లు! మంగళగిరిలో పెళ్ళికెళ్తూ, మీ నాన్న ముచ్చట తీర్చుకోమను, మంగళవారం దాకా నాకక్కర్లేదు అన్నాడు. బయట ఆటోలో ఉన్నాయి, రా!”

వంటింట్లోంచి వీరమ్మ గొంతు వచ్చింది. “ఇంకో రెండా? ఉన్నవాటికే మంచం వేసుకునే చోటు లేదు. మనుషులు వసారాలో, పెట్టెలు గదిలో. ఎవరన్నా వింటే నవ్వుతారు.”

మహిమకి నిజంగానే నవ్వొచ్చింది. అద్దంకి నుంచి ఈ సత్తెనపల్లి ఇంటికి కాపరానికి వచ్చి రెండు నెలలు. వచ్చిన మొదటి రాత్రే, పూలదండలు కట్టిన మంచానికి రెండు పక్కలా కాపలావాళ్ళలాగా నాలుగు నల్లటి పెట్టెలు నిలబడి ఉంటే ఉలిక్కిపడింది. “నాన్నవి. ఏమనుకోకు” అని ప్రకాష్ సిగ్గుపడ్డాడు. డిగ్రీ చదివిన పిల్ల ఏమంటుందోనని అతని భయం. ఆమెకి ఆ సిగ్గే నచ్చింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం అన్నం గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్తే ఎవరో ఎదురుగా కూర్చుని వేణువు ఊదుతున్నారు. గిన్నె జారిపోయింది. గదిలో వేణువు పట్టుకున్న మనిషే లేడు. మామయ్య గోడకి చేరగిలబడి, పడిన అన్నం వంక చూడకుండా, “వినపడిందామ్మా? ఊపిరి తీసుకోవడం కూడా వినపడిందా?” అని అడిగాడు. వినపడింది. ఆ రోజు నుంచి ఆదివారాలు దూది తట్ట ఆమెదే.

జక్రయ్యది పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాలకి నూనె పోసే పని. సన్నటి మనిషి, కనుబొమల్లో ఎప్పుడూ దూది. ఎంత స్నానం చేసినా పోదు. మిల్లు మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చినా ఆయనకి అదే అలవాటు. మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు, అన్నం చాలంటే అరచెయ్యి. పెళ్ళికాక ముందు ఒక పాడైపోయిన రేడియో స్పీకరు తీసి కుండ మూతి మీద బోర్లించి విన్నాడట. కుండ పాడింది. అప్పటినుంచి వదల్లేదు. కుండలయ్యాయి, సిమెంటు గొట్టాలయ్యాయి, లారీ బాడీలు కట్టే షెడ్డులో మిగిలిపోయిన చెక్కలయ్యాయి. ఏ దూది ఎంత కూరితే శబ్దం బిగుసుకుంటుందో, ఎంత తీస్తే వదులవుతుందో చేత్తో తడిమి చూసుకుంటాడు. సినిమాలకి వెళ్ళడు, పేకాట ఆడడు, ఊరు దాటడు.

చేసిన ప్రతి జతనీ తూకం వేసేది ఒక్కడే. బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే అబ్దుల్ ఖాదర్. ఇద్దరూ పెరిగింది ఒకే వీధిలో. ఖాదర్ ఇంతవరకూ ఏ జతనీ బాగుందని అనలేదు. ఒకదానికి గొంతులో కఫం ఉందన్నాడు. ఒకటి ముక్కుతో పాడుతోందన్నాడు. పోయిన వేసవిలో చేసిన జతని విని, “దీనికింకా నోరు తెరుచుకోలేదురా” అని టీ తాగి వెళ్ళిపోయాడు. జక్రయ్య మారు మాట్లాడకుండా మేకులు ఊడదీశాడు. ఇవాళ దూది కూరుతున్నది అదే పెట్టె. కంపెనీ వాటి పక్కన నిలబెట్టి ఖాదర్ చేత వినిపించాలని ఏడాదిగా చూస్తున్నాడు.

కబురు అందిన అరగంటలో ఖాదర్ స్కూటరు వచ్చి ఆగింది. భారీ మనిషి, తెల్లటి గడ్డం, ఉతికిన తెల్ల లాల్చీ, చెవి మడతలో అత్తరు దూది.

“ఒరేయ్ జక్రీ! పరాయి పిల్లని తెచ్చి నీ పిల్ల పక్కన నిలబెడుతున్నావంటగా? అందం తేలిపోద్దిరోయ్!”

“ముందు నీ చెవులు తేలతాయిలేరా” అన్నాడు జక్రయ్య.

తండ్రీ కొడుకూ కలిసి ఒక జపాను పెట్టెని దించుతుంటే ఖాదర్ రెండోదాన్ని ఒక్కడే ఎత్తుకున్నాడు.

“మామయ్యా, ఆగండి, ఆయనొస్తారు” అంది మహిమ.

“మీ ఆయన పడేస్తాడు కోడలు పిల్లా. ఇలాంటివి పెద్దాళ్ళే మొయ్యాలి.”

మూడు మెట్లెక్కి గదిలో దించేసరికి గడ్డంలోంచి చెమట కారింది. “లోపల బండరాయి పెట్టార్రా వీళ్ళు” అంటూ పేము కుర్చీలో కూలబడి గుండె మీద రుద్దుకున్నాడు. వీరమ్మ మజ్జిగ తెచ్చింది.

“పొద్దున సెంటర్లో మిరపకాయ బజ్జీలు తిన్నా చెల్లెమ్మా. ఇంకా మండుతోంది.”

“ఈ వయసులో బజ్జీలేంటన్నయ్యా?”

“ఇక్కడ పుట్టి మిరపకాయకి భయపడితే ఎవరన్నా పిల్లనిస్తారా?” అని గ్లాసు ఖాళీ చేశాడు.

కోడిమాంసం తెస్తానని ప్రకాష్ బజారుకి వెళ్ళాడు. జక్రయ్య గదికి అడ్డంగా తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీశాడు. దాని వెనక నాలుగు పెట్టెలు, జపాను జత, తన జత. వాళ్ళ పద్ధతి మహిమకి ప్రకాష్ ముందే చెప్పాడు. ఒకే పాట రెండుసార్లు వస్తుంది. ఏ జత ముందో, ఏది తర్వాతో దుప్పటి వెనక తీగలు మార్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వినేవాడు కళ్ళు మూసుకుని వినాలి. రెండూ అయ్యాక, కళ్ళు తెరవకుండా, మాట్లాడకుండా, మొదటిది బాగుంటే ఒక వేలు, రెండోది బాగుంటే రెండు వేళ్ళు చూపించాలి. దుప్పటి వెనకవాడికి ఆ వేళ్ళు కనపడవు కాబట్టి చూసి చెప్పడానికి ఒకరు కావాలి. ఇన్నాళ్ళూ వీరమ్మ విసుక్కుంటూ చేసేది. ఇవాళ ఆ పని తనకిచ్చినందుకు మహిమకి చిన్నప్పుడు క్లాసు లీడరు చేసినంత సంబరంగా ఉంది. ఖాదర్ కుర్చీకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“కళ్ళు మూశాడామ్మా దొంగ?” అన్నాడు జక్రయ్య లోపల్నుంచి.

“మూశారు మామయ్యా.”

వేణువు మొదలైంది. తర్వాత మృదంగం కలిసింది. మహిమకి రోమాలు లేచాయి. ఖాదర్ కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. పాట ముగిసిందాకా వేస్తూనే ఉంది. టేపు వెనక్కి తిరిగిన చప్పుడు. తీగలు మార్చిన చప్పుడు. ఖాదర్ కదల్లేదు, పెదవి మాత్రం ఒక పక్కకి వంగింది. నవ్వో, మంటో.

రెండోసారి వేణువు మొదలైంది. ఖాదర్ కనుబొమలు పైకి లేచాయి. ముఖం కాస్త ఇటు తిప్పాడు, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టు. చెయ్యి రెండు దెబ్బలు వేసింది. తర్వాత అరచెయ్యి వెల్లకిలా పడి మోకాలి మీద ఉండిపోయింది. లీనమైపోయారు అనుకుంది మహిమ. రెండిట్లో ఏది ఎక్కువో ఆమెకి తెలియలేదు. తెలియకపోవడమే భలే సరదాగా ఉంది. తనూ కళ్ళు మూసుకుంది.

పాట అయిపోయింది. టేపు సర్రుమంటోంది.

“ఎన్ని వేళ్ళమ్మా?”

మహిమ కళ్ళు తెరిచి చూసింది. “ఇంకా చూపించలేదు మామయ్యా.”

“ఆలోచిస్తున్నాడు. తొందరపెట్టకు.”

మిరపకాయ బస్తాల లారీ ఒకటి వీధిలోకి తిరిగి పెద్దగా హారన్ కొట్టింది. కిటికీ ఊచలు అదిరాయి. మహిమ చెవులు మూసుకుంది. పాట వినేటప్పుడు గిన్నె చప్పుడైనా ముఖం చిట్లించే మనిషి ఖాదర్. ఆయన ముఖంలో ఏ గీతా కదల్లేదు.

“అయిపోయిందిరా నీ పని!” దుప్పటి వెనక జక్రయ్య నవ్వుతున్నాడు. రెండు నెలల్లో ఆయన నవ్వగా ఆమె వినడం ఇదే మొదటిసారి. “నోరు పెగలట్లేదు చూడు! ఒరేయ్ ఖాదరూ, చెప్పి చావరా!”

మహిమ ముందుకి వంగింది. చెయ్యి చాచి ఆయన వేళ్ళు ముట్టుకుంది. చెమట ఉంది, వేడి ఉంది, మనిషి లేడు. ఆ వేళ్ళు పట్టుకునే ఉండిపోయింది.

“ఎన్నమ్మా?” అంటూ జక్రయ్య దుప్పటి పైకెత్తాడు. చేతిలో తీగ ముక్క, ముఖమంతా నవ్వు. ఆ నవ్వు వెంటనే పోలేదు. విషయం కళ్ళకి తెలిసిపోయింది, నోటికింకా తెలియలేదు. అలా నవ్వు ముఖంతోనే వచ్చి ఖాదర్ భుజం పట్టుకుని ఊపాడు. తల ఒక పక్కకి వాలింది.

వీరమ్మ వచ్చి కేకపెట్టింది. పక్కింటివాళ్ళొచ్చారు. సందు చివరి డాక్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చి మణికట్టు పట్టుకున్నాడు, ఛాతీ మీద చెవి పెట్టాడు, లేచి నిలబడి ఎవరి వంకా చూడలేదు. ప్రకాష్ మాంసం పొట్లంతో గుమ్మంలోకి వచ్చి అలానే నిలబడిపోతే, పొట్లంలోంచి నెత్తురు చుక్కలు మెట్ల మీద పడుతుంటే, ఎవరికీ అది తీసుకోవాలని తోచలేదు. టేపు ఇంకా సర్రుమంటూనే ఉంది. మహిమ వెళ్ళి ఆపింది.

ఎస్టీడీ బూతు నుంచి ప్రకాష్ ఫోను చేస్తే ఖాదర్ కొడుకు అల్లాబక్షు వచ్చాడు. ఏడవలేదు. “ఎట్టా పోయాడు బాబాయ్?” అని అడిగాడు.

“పాట వింటూ” అన్నాడు జక్రయ్య. అది అబద్ధంలా వినపడిందేమో మళ్ళీ అన్నాడు, “పాట వింటూరా.”

అల్లాబక్షు తల ఊపాడు. “రేపు మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి.”

నలుగురూ మోసుకెళ్ళి వ్యానులో పెట్టారు. జక్రయ్య తల దగ్గర పట్టుకున్నాడు. ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని పొద్దు వాలాక తిరిగొచ్చాడు. వచ్చి, దుప్పటి వెనకే, తన రెండు పెట్టెల మధ్య నేల మీద కూర్చున్నాడు. వీరమ్మ కాఫీ ఇస్తే అరచెయ్యి చూపించాడు. వద్దని.

మహిమ తలుపు దగ్గర నిలబడింది. అద్దంకిలో తాతయ్య పోయినప్పుడు ఆమె హాస్టల్లో ఉంది. మనిషి తన కళ్ళెదుట, తను కళ్ళు మూసుకున్న కాసేపట్లో పోవడం ఆమె ఎరగదు. ఎప్పుడు పోయాడు? ఆ రెండో దెబ్బకా? తను చూస్తూ ఉంటే తెలిసేదా? ఇదే ప్రశ్న మధ్యాహ్నం నుంచి తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.

“అమ్మా మహిమా.”

“చెప్పండి మామయ్యా.”

“ఎన్ని వేళ్ళు చూపించాడు?”

ఒక్క అబద్ధం చెబితే చాలు, ఈ మనిషి ఇవాళ నిద్రపోతాడు. చెప్పడానికి సిద్ధంగానే ఉంది. కానీ ఏ అబద్ధం? ఒకటి అనాలా, రెండు అనాలా? ఆయన పెట్టెలు మొదట పాడాయో తర్వాత పాడాయో ఆమెకి తెలియదు. తప్పు వేలు చెబితే, పోయిన మనిషి నోటితో ఈయన్ని ఓడించినట్టే. ఆమెకీ కనపడకుండా దుప్పటి కట్టింది ఆయనే.

“చూపించలేదు మామయ్యా” అంది. చెప్పి ఏడ్చేసింది.

ఆయన పెట్టె వంకే చూస్తూ అడిగాడు.

“మొదటిదానికి ఏం చేశాడు?”

“తాళం వేశారు. చివరిదాకా.”

“అది జపాను వాళ్ళది” అన్నాడు. “రెండోదానికి?”

“ముఖం ఇటు తిప్పారు. ఎవరో పిలిచినట్టు. రెండు దెబ్బలు వేశారు, అంతే.”

“అయితే విన్నాడు.”

“విన్నారు మామయ్యా. ఎంతసేపో తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను.”

“మంచిపని చేశావు. అది కళ్ళు మూసుకునే వినాలి.” పెట్టె మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. “తేలలేదన్నమాట. ఇన్నేళ్ళూ వాడు తేల్చలేదు, పోతూ కూడా తేల్చలేదు. వెధవ.”

వీరమ్మ చీకట్లో ముక్కు చీదింది. ప్రకాష్ వచ్చి మహిమ పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా ఆమె చిటికెనవేలు పట్టుకున్నాడు.

“ఎల్లుండి పెట్టెలు ఇచ్చెయ్యాలి” అన్నాడు జక్రయ్య. “రేపు మట్టి ఇచ్చి వచ్చాక, స్నానం చేసి, తీగలు కలుపుతాను. నువ్వు కూర్చో అమ్మా, వాడి కుర్చీలో.”

“నాకేం తెలుసు మామయ్యా!”

“వాడికి మాత్రం ఏం తెలుసు, మొదట్లో? కుండ పాడితే పారిపోయాడు. రేపు సాయంత్రం. ఏది ముందో నేను చెప్పను. మీ అత్తయ్య చూస్తుంది వేళ్ళు.”

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళాడు. దీపం పెట్టడానికి మహిమ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద, ఖాదర్ వినడానికి కూర్చునే ముందు చెవి మడతలోంచి తీసి పెట్టుకున్న అత్తరు దూది, గోరంత ఉండ, ఇంకా తడిగా, ఇంకా వాసన వేస్తూ ఉంది.