సంతకం చాలదు

కుప్పయ్య మడకకు కట్టిన ఎద్దులను మునసబు మనుషులు విప్పి గట్టు మీదికి తోలేశారు. ప్రభుత్వం అతనికి పట్టా ఇచ్చిన ఎకరా అది.

"భూమి వద్దని నువ్వే రాసిచ్చినావు. కింద నీ సంతకమే గదా," అన్నాడు వాళ్ళలో ఒకడు.

"సంతకం నాదే," అన్నాడు కుప్పయ్య. "విత్తనాల కాయితమని సెప్పినాడే మునసబు."

పక్క చేలో కలుపు తీస్తున్న గంగులమ్మ అంతా చూసింది. ఆ సంతకం కుప్పయ్య తనతోపాటే వయోజన విద్యాకేంద్రంలో నేర్చుకున్నాడు. ఆ రోజు ఇద్దరూ ఎంత మురిశారో. ఆమెకు ఇక పని సాగలేదు.

వారం తిరగకముందే ఆ విద్యాకేంద్రం ఏం సాధించిందో తేల్చడానికి చిత్తూరు నుంచి అధికారి వచ్చాడు. అక్కడ చదువుకుంటున్న వాడలోని ముప్పై మందీ చాపల మీద కూర్చున్నారు.

"అందరూ సంతకం చేస్తే లక్ష్యం నెరవేరినట్టే," అంటూ పలకలు పంచాడు.

గంగులమ్మ పలక అందుకోలేదు. "ఎవురికి నెరవేరినట్టు సారూ? మమ్మల్ని ఎవురూ మోసం సేయకూడదనే గదా ఈ సదువు? కుప్పయ్యకు పేరు రాసేది వచ్చె, పైన ఏముండాదో సదివేది రాకపాయ. భూమి పాయ."

"నువ్వు చెప్పేది ఆశయం. దాన్ని కొలవలేం. సంతకమైతే కొలవగలం."

"ఎందుకు కొలవలేరు? మా కాయితం మేం సదువుతామో లేదో సూడు."

పంతులు జయరావు తల వంచుకున్నాడు. "నిజమే సార్. పేరు రాయడం వరకే నేర్పినాను. అంతే చాలన్నారు."

"సంతకాలు లేకపోతే కేంద్రం మూసేస్తారు," అన్నాడు అధికారి.

ముసలి మునస్వామి కంగారుపడ్డాడు. "పెట్టేద్దాంలే గంగులమ్మా. ఉండే బడి కూడా పోతాది."

"పెడితే మనకు సదువొచ్చేసిందని రాసుకుంటారు మామా. మళ్ళా ఎవురు నేర్పుతారు?"

మునస్వామి తన పలక బోర్లించాడు. వెనకాలే మిగతావాళ్ళూ.

కేంద్రం మూతపడింది. జయరావు ఉద్యోగం పోయింది. అయినా రోజూ వచ్చాడు. మునసబు రాయించుకున్న కాగితానికి నకలు తెచ్చి, అందులోని మాటలతోనే పాఠం మొదలుపెట్టాడు.

తొలివానకు ముప్పై మందీ కుప్పయ్య చేలో మడకలు దించారు. పోలీసులు వచ్చి గంగులమ్మనూ కుప్పయ్యనూ జీపెక్కించారు. మిగతావాళ్ళు కార్వేటినగరం దాకా నడిచి స్టేషను వాకిట్లో నిలబడ్డారు.

లోపల స్టేషను రైటరు కాగితం ముందుకు తోశాడు. "తప్పయిందని రాసినా. సంతకం పెట్టు."

గంగులమ్మ దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. రైటరు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"గట్టిగా సదువు గంగులమ్మా," అని బయటి నుంచి కేక వేశాడు మునస్వామి. "మాకు వినపళ్ళా."