నల్లా దగ్గర నవ్వు

నాకు పుట్టుకతో వచ్చిన తెగులు ఒకటుంది. ఎందుకు అని అడగందే అన్నం సహించదు. "రాజవ్వకు పోలీసు డ్యూటీ ఇయ్యాలె" అని మా చాల్‌లో ఎగతాళి చేస్తారు. చేసుకోనీ.

కామాఠిపురాలో మా చాల్ గదులన్నిటికీ కింద ఒకటే నల్లా. తెల్లవారుతుండగా నీళ్లు వస్తాయి. మనిషి లేకపోయినా వరసలో పెట్టిన బిందే మనిషి లెక్క. దాన్ని ఇంకొకరు ముట్టకూడదు. తాతలనాటి కట్టుబాటు అది. మేడమీద ఉండే తారాబాయి మాత్రం ఒక్క మల్లమ్మ విషయంలో దాన్ని మరిచిపోయేది.

మల్లమ్మ పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలిమనిషి. రోజూ తారాబాయి ఆలస్యంగా దిగివచ్చి, మల్లమ్మ రేకు డబ్బాను కాలితో వెనక్కి తన్ని, అక్కడ తన బిందె పెట్టేది.

"నిన్న మొన్న వచ్చినదానివి, నీకు నంబరేందే? బాజుకు జరుగు!"

మిల్లుల సమ్మె తర్వాత పనులు కరువైన రోజులవి. మల్లమ్మ నీళ్లు పట్టుకుని, వంట ముగించి ఫాక్‌లాండ్ రోడ్ నాకాలో కూలీల అడ్డాకు చేరేసరికి మేస్త్రీలు కావలసిన కూలీలను ఎంచుకుని వెళ్లిపోయేవారు. ఇలాగే సాగితే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే.

నల్లా వరసలో సలహాలకేం కొదవ? లక్ష్మమ్మ "ఊరుకున్నంత ఉత్తమం లేదు" అంది. రత్నాబాయి "కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అంది. నాకు మాత్రం ఒకటే సందేహం. ఈమె డబ్బానే ఎందుకు?

రేకు డబ్బా అని చులకనేమో అనుకుని, నా పేరు చెక్కిన ఇత్తడి బిందె మల్లమ్మకిచ్చాను. దానికీ అదే గతి పట్టింది. బిందె సొట్టపడితే నాకు ఒళ్లు మండింది. అయినా తారాబాయి మొహమే చూస్తూ నిలబడ్డాను. తన్నేముందు ఆమె మల్లమ్మను చూడలేదు, మమ్మల్ని చూసింది. రత్నాబాయి కిసుక్కుమంది. ఆ నవ్వు వినగానే ఇంకో తన్ను పడింది.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. మరి ఆ తోటికోడలు నవ్వకపోతే అత్త చెయ్యి లేస్తుందా? సామెత ఆ సంగతి చెప్పదు.

గడపగడపకూ తిరిగాను. "రేపొక్కరోజు నవ్వకుండ్రి. ఏమైతదో చూద్దాం" అన్నాను. చూద్దామంటే చాలు, మావాళ్లు దేనికైనా సిద్ధం.

మర్నాడు తారాబాయి డబ్బాను తన్ని మా వైపు చూసింది. ఎవరూ నవ్వలేదు. తనే ఒకసారి నవ్వి చూసింది. ఎవరూ కలవలేదు. అప్పుడు అందరికంటే ముందున్న లక్ష్మమ్మ తన బిందె పక్కకు తీసింది.

"రా బిడ్డా, నా నంబరు నువ్వు తీస్కో" అని మల్లమ్మ డబ్బాను తెచ్చి నల్లా కింద పెట్టింది.

తన నంబరు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, అదీ కట్టుబాటే.

ఆ రోజు మల్లమ్మకు పని దొరికింది. సాయంత్రం సిమెంటు అంటిన చేతులతో తిరిగొచ్చింది. నేను ఊరుకుంటానా? ఎదురెళ్లి అడిగాను.

"ఇన్నొద్దులు నోరెందుకు మెదపలేదే? ఒక్కసారన్న మొత్తుకుంటే మేము రాకపోదుమా?"

ఆమె చేతులు కడుక్కుంటూ నా వైపు చూసింది.

"యాడ్నుంచి వస్తరక్కా? దినాం ఆడనే ఉంటిరి గద."