బొమ్మ ముక్కలు చూస్తే

ఫోను మోగేసరికి రోనన్ ఒక చేత్తో పెనం మీద గుడ్డు తిరగేస్తున్నాడు, రెండో చేత్తో నా జడ పట్టుకుని ఉన్నాడు. పెళ్ళయి పంతొమ్మిది రోజులైంది. మా ఇంట్లో పనులన్నీ అలా ఒంటిచేత్తోనే జరుగుతున్నాయి.

"నేనోయ్, మైలోని," అంది ఫోను. మైలో మా వీధి చివరి బారు యజమాని. "డఫీ గాడు మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. వాడి కుర్చీ ఖాళీ. తర్వాతి పేరు నీదే. ఒంటిగంటకి వస్తావా, ఇంకోణ్ణి పిలవమంటావా?"

"వస్తా! పాపం డఫీ! వస్తా!"

గుడ్డు నేల మీద పడింది. దాని చుట్టూ తిరుగుతూ ఇద్దరం గెంతాం.

మైలో బారులో ఏడాదికోసారి జరిగే పోకర్ పోటీ అది. ముప్పై మంది ఆడతారు, ఒక్కరు గెలుస్తారు. గెలిచినవాళ్ళకి బిల్లింగ్స్‌లో జరిగే రాష్ట్రపోటీలో కుర్చీ, పెద్ద హోటల్లో రెండు రాత్రులు గది. కుర్చీ సంగతి రోనన్‌ది, గది సంగతి నాది. పెళ్ళయిన మర్నాడే అతను రైలు యార్డులో డ్యూటీకి, నేను లైబ్రరీకి వెళ్ళిపోయాం. హనీమూన్ అన్న మాట క్యాలెండరులో పెన్సిలుతో రాసుకుని, రెండుసార్లు చెరిపేశాం. ఆ గదిలో నురగలొచ్చే వేడినీళ్ళ తొట్టె ఉంది. దాని ఫోటో నేను లైబ్రరీ కంప్యూటరులో ఎన్నిసార్లు చూశానో చెబితే ఉద్యోగం ఊడుతుంది.

తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఎలా గడపాలో తెలియలేదు. ఆరిన తువ్వాళ్ళు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. రోనన్ బూట్లకి రెండుసార్లు పాలిష్ పట్టాడు. చివరికి పేకముక్కలు తెచ్చి నాకు పరీక్ష పెట్టాడు.

"నీకు రెండు ముక్కలొచ్చాయి. ఆసు, తొమ్మిది. నీకంటే ముందు ఒకడు పందెం పెంచాడు. ఏం చేస్తావ్?"

"ఆడతా. ఆసు కదా!"

"పడేయ్. రాజు, పది?"

"ఆడతా."

"పడేయ్. రాజు, రాణి?"

రెండూ ఆఠీన్లే. ఎర్రగా, ఒకరికొకరు ఎంత నప్పారో! వాటిని ఉప్పు సీసాకి ఆనించి నిలబెట్టాను. "వీళ్ళని పడేయమంటే పుట్టింటికి పోతా."

"అదే తంటా," అన్నాడు రోనన్. "రెండూ ఏడూ వస్తే ఎవడూ మోసపోడు, తీసి అవతల పారేస్తాడు. చూడ్డానికి బాగుండే ముక్కలే మనిషిని ముంచేది. బల్ల మధ్యలో అందరికీ కలిపి పరిచే ముక్కల్లో రాజు పడిందని మనం సంబరపడతాం. అవతలివాడి దగ్గరా రాజే ఉంటుంది, కాకపోతే దాని పక్కన ఆసు ఉంటుంది. ఇక మన గతేంటి?"

"రాణి ఏడుస్తుంది," అన్నాను. అతను నవ్వి నా ముక్కు పిండాడు.

మైలో బారులో ఒక పద్ధతుంది. పెళ్ళాం మొగుడి వెనక కూర్చోవచ్చు, మొగుడు పెళ్ళాం వెనక కూర్చోవచ్చు. చేతిలో ముక్కలు చూడొచ్చు. నోరు మాత్రం తెరవకూడదు, తెరిస్తే ఆడేవాళ్ళు లేచిపోవాలి. నేను ఒక చాక్లెట్టు నోట్లో వేసుకుని రోనన్ భుజం వెనక కూర్చున్నాను.

ఎదురుగా వెర్లా పెద్దమ్మ ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళలో సగం మందిని బడికి దించింది ఆవిడే.

"పెళ్ళికొడకా, మెడ మీద ఆ ఎర్ర మచ్చేంట్రా?" అంది కూర్చుంటూనే.

"దోమ కుట్టింది పెద్దమ్మా."

"మార్చి నెలలో, మంచు కరగని మన బ్యూట్ ఊళ్ళో? ఆ దోమ నీ వెనకే కూర్చుని చాక్లెట్టు తింటోంది."

బల్లంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. సంతోషంగానే కాలాయి.

ఆట మొదలైంది. విచిత్రంగా, రోనన్ పందెం పెంచినప్పుడల్లా అందరూ ముక్కలు పడేయడం మొదలుపెట్టారు. రాజు, రాణి వచ్చాయి, పెంచాడు, అందరూ పడేశారు. రాణి, జాకీ వచ్చాయి, అప్పుడూ అంతే. అతని ముందు బిళ్ళల గుట్ట పెరుగుతోంది.

"వీళ్ళకి నేనంటే భయం పట్టుకుంది," అని మధ్యలో నా చెవిలో ఊదాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను ఎంత అందంగా ఉన్నాడో!

తర్వాత రెండు ఎనిమిదులొచ్చాయి. నల్లవి. ఎనిమిదుల మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు. గోడ మీది జింకతల వైపు చూస్తూ ఆవలించాను. వెర్లా నా వైపు ఒకసారి చూసి, తన బిళ్ళల్లో సగం ముందుకు తోసింది. రోనన్ ఒప్పుకున్నాడు. మధ్యలో మూడో ఎనిమిది పడింది. ఆ సగమూ మా వైపు వచ్చేసింది.

వెర్లా నన్నే చూస్తూ నెమ్మదిగా తల ఊపింది.

మూడింటికి విరామం ఇచ్చారు. అప్పటికి తొమ్మిది మంది మిగిలారు. ఆడవాళ్ళ గదిలో నేను చేతులు కడుక్కుంటుంటే వెర్లా వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మాయ్, బస్సులో నా ముందు అద్దం ఉండేది. వెనక్కి తిరగకుండానే ఏ వెధవ సీటు చింపాడో మొహం చూసి చెప్పేదాన్ని. నీ మొహం మాత్రం తప్పు చదివాను."

"నా మొహమా?"

"మీ ఆయన ముక్కలెత్తగానే నీ మొహం బల్బులా వెలుగుతోంది. మేమంతా వాడికి ఆసుల జత వచ్చిందనుకుని పడేస్తున్నాం. నువ్వేమో బొమ్మలకి నవ్వుతున్నావు! జాకీకి కూడా నవ్వుతున్నావు! ఎనిమిదుల జతకి ఆవలించావే, దాంతో కొంప మునిగింది."

నేను అద్దంలో చూసుకున్నాను. అప్పటికే మొహం మారిపోయి ఉంది, అదీ అందరికీ కనపడేలాగే.

"ఇంకెవరికీ తెలీదు. నాకు తెలిసింది," అంది వెర్లా, కాగితంతో చేతులు తుడుచుకుంటూ. "ఇక నుంచి నిన్ను చూసి ఆడితే నాకు దొంగతనంలా ఉంటుంది. చూడకుండా ఉండాలంటే నా వల్ల కాదు. కాస్త ఎటైనా పోయి కూర్చోవే తల్లీ."

ఆవిడ వెళ్ళాక అక్కడే నిలబడ్డాను. అద్దంలో ఎనిమిదుల జతకి నవ్వి చూశాను. రాజూరాణులకి మూతి ముడిచి చూశాను. బాగానే వచ్చింది. ఒక్క గంట అలా చేస్తే చాలు, ఆ తొట్టె మాదే. నోరు తెరవకూడదన్నారు గానీ మొహం గురించి ఎవరూ ఏమీ అనలేదు కదా! మరోసారి మూతి ముడిచాను. ఆ మొహం నాకే నచ్చలేదు.

రోనన్ దగ్గరికి వెళ్ళి, "లోపల ఉక్కగా ఉంది, బయట తిరిగొస్తా," అన్నాను.

"ఇప్పుడా? నువ్వుంటేనే కదా నాకు..."

"నువ్వంటే వాళ్ళకి భయం కదా. ఆడు."

నిజం చెప్పలేకపోయాను.

బయట గాలి మొహం కోస్తోంది. ఏటవాలు వీధి ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. మాంసం కూరిన పాస్టీ ఒకటి కొన్నాను. ఒక్క ముక్క కొరికి కోటు జేబులో పెట్టుకుంటే జేబంతా వెచ్చగా అయింది, ఆ చలిలో అదొక్కటే కాస్త హాయి. బారు తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు పరిగెత్తుతున్నాను. ఓడినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు.

"ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. ఆరుగురం మిగిలితే నన్ను సాగనంపాడు మీ ఆయన. ఇంట్లో ఏం పెడుతున్నావేంటి?"

మళ్ళీ ఎక్కాను. కిటికీ దాకా వెళ్ళి, చూడకుండా వెనక్కొచ్చాను. లోపలికి పోదామా? పోతే నా మొహం నా మాట వినదు. కాళ్ళు కూడా వినడం లేదు, ఒకచోట నిలబడనివ్వడం లేదు.

"ఉన్నాడా?"

"ముగ్గురే ఉన్నారు. వాడూ, మైలో బావమరిదీ, వెర్లా."

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. రోనన్! ఒంటి మీద కోటు లేదు. చంకలో పసిబిడ్డంత మూట ఉంది.

"రెండో బహుమతి," అన్నాడు. "పొగబెట్టిన పంది తొడ. పదకొండు పౌన్లు."

నేను అతని కోటు తెచ్చి కప్పాను. మెట్టు మీద కూర్చున్నాం.

"ఆసు, జాకీ వచ్చాయి టిల్డా. వెర్లా పెద్దమ్మ పెంచింది. నేను ఇంకా పెంచాను. ఆవిడ ఉన్నదంతా తోసేసింది. పడేయాలని నాకు తెలుసు. నీకు పాఠం చెప్పింది నేనే కదా! కానీ వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఇవి చూసుంటే నువ్వెంత మురిసిపోయేదానివో అనిపించింది. ఆ జాకీ సన్న మీసం, పక్కన ఎర్ర ఆసు... నువ్వు నవ్వుతున్నట్టే కనిపించింది. నేనూ తోసేశాను."

"ఆవిడ దగ్గరేముంది?"

"ఆసు, రాజు. మధ్యలో ఆసు పడింది కూడా. ఒక్క క్షణం ఎంత ఆనందపడ్డానో!"

అప్పుడు అంతా చెప్పేశాను. బల్బు, ఆవలింత, అద్దం, అన్నీ. అతను నేలకేసి చూశాడు.

"అయితే వాళ్ళు నాకు భయపడలేదన్నమాట."

"నువ్వు ముగ్గురిలోకి వచ్చేసరికి నేను బయటే ఉన్నాను. అది నీ ఆటే."

ఆ మాట అతని లోపలికి వెళ్ళడం చూశాను. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మూతి వణికింది, తర్వాత పంది తొడ మీద తలపెట్టి నవ్వాడు. నేనూ మొదలుపెట్టాను. ఆపలేకపోయాం.

తలుపులోంచి వెర్లా తల బయటపెట్టింది. "తొట్టెలో కూర్చున్నప్పుడు మీ ఇద్దర్నీ తలుచుకుంటాలేరా!"

"సబ్బు జారుతుంది జాగ్రత్త పెద్దమ్మా!" అని అరిచాడు రోనన్. తర్వాత లేచి, మూటని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, నాకు చెయ్యి అందించాడు.

"రేపు ఆదివారం. ఇద్దరికీ సెలవు. పొద్దున్నే ఏడింటికి బయల్దేరుతున్నాం. వేడినీటి బుగ్గ అరగంట దూరం, సాయంత్రం దాకా అందులోనే నానుదాం. నువ్వు బ్రెడ్డు కొయ్యి, నేను దీని పని పడతా."