బానెట్ మీద గీతలు

మా మామగారు కారు కడిగే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. బండి నీడలో ఉండాలి. ముందు ఒట్టి నీళ్ళు పోసి దుమ్మంతా పోనివ్వాలి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, ఇంకో బకెట్‌లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. గుడ్డ గుండ్రంగా తిప్పకూడదు. పొరపాటున నేల మీద పడిందా, ఆ రోజుకి ఇక దాన్ని కారుకి తాకించకూడదు.

"ఒక్క ఇసుక రేణువు చాలు బాబూ, రంగంతా గీరుకుపోతుంది" అనేవారు.

నలభై ఏళ్ళు కార్లకు రంగులు వేసిన మనిషి. షెడ్డు శిష్యుడికి అప్పగించి మా ఇంటికి వచ్చేశాక కూడా, రంగు కలపాలంటే ఆ శిష్యుడు ఈయన దగ్గరికే రావాలి. ఏ కారు రంగైనా చూపుతోనే పట్టేసేవారు. ఆయనకి మిగిలిన పని అదొక్కటే.

ఆ శనివారం మా ఆవిడ ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పది నిమిషాల పనికి ఇంత చాదస్తమేమిటో తేల్చేద్దామని నేను రంగంలోకి దిగాను. ఒకే బకెట్, ఒకే గుడ్డ. మధ్యలో గుడ్డ జారి మట్టిలో పడింది. తీసి రెండుసార్లు దులిపి, బానెట్‌ని గిరగిరా రుద్దేశాను. మబ్బుగా ఉండడంతో కారు నిగనిగలాడుతున్నట్టే కనిపించింది.

వాళ్ళు వచ్చాక గొప్పలు చెప్పుకుందామనుకున్నాను. కానీ కుడికంట్లో పొర మొదలైందన్న కబురుతో మొహాలు వేలాడేసుకుని వచ్చారు. ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాను.

మర్నాడు ఆయన మామూలుగానే కారు కడిగారు. ఆరాక ఎండలోకి తీయించారు. బానెట్ నిండా సన్నటి గీతలు, సున్నాలు చుట్టినట్టు. ఆయన వంగి, బొటనవేలితో ఒక్కో గీతనీ తడిమి చూశారు.

"గుడ్డలో ఇసుక ఉన్నా నాకు కనబడలేదమ్మాయ్" అన్నారు కూతురితో. "కళ్ళు పోయాయి. చెయ్యి ఎలా తిరిగిందో కూడా తెలియలేదు."

నేను పక్కనే ఉన్నాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. తర్వాత రేపు అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ తప్పు కంటే దాచడమే పెద్దదై కూర్చుంది. మా ఆవిడ "నాన్న సరిగ్గా తినట్లేదు, చూశావా?" అంటే నీళ్ళు నమిలాను.

తొమ్మిదో రోజున శిష్యుడు వచ్చాడు. మామగారే రమ్మన్నారట. రంగు నమూనాల పెట్టె తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఇక నన్ను అడగకురా. నా చూపుని నేనే నమ్మలేను."

"అదేంటి గురువుగారూ?" అని అతను బిక్కమొహం వేశాడు. పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు.

అప్పుడు కానీ నా నోరు పెగల్లేదు. "మామయ్యగారూ, ఆ గీతలు నేను పెట్టినవి. ముందురోజు నేనే కడిగాను. గుడ్డ కింద పడినా దులిపి వాడాను."

శిష్యుడు ఆగిపోయాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి నేలలోకి కుంగిపోదామనిపించింది. మామగారు మాత్రం కేకలు వేయలేదు. శిష్యుడి చేతిలోంచి పెట్టె మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"గీతలదేముంది, గంటసేపు పాలిష్ పడితే పోతాయి" అన్నారు. పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నారు. "తొమ్మిది రోజులు నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు కదయ్యా. ఎలా తినబుద్ధేసింది?"

తినబుద్ధేసింది మరి. రోజూ కడుపునిండా తిన్నాను.