బొట్టుబిళ్లల నడుమ సైకిల్ పుల్ల

నేను ఒక సైకిల్ పుల్లని. నవ్వకండి. మండపేటలో రేపటి పెళ్లికి ఎంతమంది తింటారో పెళ్లివారికే తెలియదు, నాకు తెలుసు.

నా తొలి కొలువు ఓ పాలవాడి సైకిల్ వెనక చక్రంలో. అది గోతిలో పడ్డప్పుడు తోటి పుల్లలన్నీ వంగిపోయాయి, నేనొక్కదాన్నే నిటారుగా మిగిలాను. పెళ్లివంటలు చేసే సర్వలక్ష్మి నన్ను ఏరుకుపోయి, కాగే నూనెలోంచి బూరెలు తీయడానికి పెట్టుకుంది. ఒళ్లు కాలింది గానీ వాసనకు లోటు లేదు.

ఆవిడకు ఎప్పుడూ ఒకటే చిక్కు. ఎంతమంది వస్తారని అడిగితే పెళ్లివారు శుభలేఖల లెక్క చెబుతారు. ప్రతి లేఖ మీదా 'సకుటుంబ సపరివారంగా' అని ఉంటుందాయె! ఒక్కరే రావచ్చు, ఆటో నిండా దిగవచ్చు. ఆవిడ పెంచుకున్న అక్క కూతురు సుభాషిణి డిగ్రీలో లెక్కలు చదువుతోంది. ఓ పాత క్యాలెండర్‌ను వెనక్కి తిప్పి అట్టకు అంటించింది. అడుగున శుభలేఖల లెక్క, పక్కన నిలువుగా, బంతుల్లో లేచిన విస్తళ్ల లెక్క. జరిగిన ప్రతి పెళ్లికీ ఒక బొట్టుబిళ్ల. బిళ్లలు చెదిరి ఉన్నా మొత్తానికి ఏటవాలుగా పైకే పోతున్నాయి. వాటి నడుమ, అన్నిటికీ వీలైనంత దగ్గరగా ఉండేలా, నన్ను గుండుసూదులతో ఆనించింది. కొత్త పెళ్లికి లేఖలెన్నో చూసుకుని, అక్కడినుంచి తిన్నగా పైకి నా దాకా వచ్చి, పక్కకు చూస్తే విస్తళ్లెన్నో తెలిసిపోతుంది. కచ్చితంగా కాదు, ఆ చుట్టుపక్కల. ఈ 'చుట్టుపక్కల' అన్న మాట మనుషుల చెవికెక్కదు.

అంతా బాగుండేది, ఒక్క బిళ్ల లేకపోతే. ఓసారి పక్క మండపంవాళ్లు గుమ్మం పొరబడి వచ్చి మొదటి బంతిలో కూర్చున్నారు. కట్నకానుకలు మాత్రం పొరబడకుండా తమ మండపంలోనే చదివించారు! వంట చాలక మగపెళ్లివారు అలిగి లేచిపోయారు. సర్వలక్ష్మి గాడిపొయ్యి పక్కన కూర్చుని కుమిలిపోయింది. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఎర్రబిళ్ల తీసి అట్ట పైకొసన అంటించింది. అప్పటినుంచి ప్రతి పెళ్లికీ నన్ను దానివైపు ఎత్తడమే. గంగాళాలకొద్దీ మిగిలిపోయేది. వృథా చేస్తుందని పేరుపడి, పిలిచేవాళ్లు తగ్గారు. ఆవిడ బతుకుతెరువే నా ఏటవాలు మీద ఆధారపడింది. నాకు భయమేసింది.

“పిన్నీ, పక్క మండపమోళ్లు ప్రతీ పెళ్లికీ దారి తప్పరు,” అంటూ సుభాషిణి నన్ను కిందికి దించింది. గుండె దిటవు చేసుకుని సర్వలక్ష్మి ఒక పెళ్లికి నా మాట ప్రకారం వండింది. చివరి బంతి లేచేసరికి కాస్త సాంబారు మిగిలింది, అంతే. మళ్లీ పిలుపులు మొదలయ్యాయి.

అప్పుడొచ్చింది సుభాషిణి పెళ్లి. సర్వలక్ష్మి లేఖలు పంచి, నన్నడిగి, వంట చేయించింది. తీరా చూస్తే జనం వరదలా వచ్చారు. ఆవిడ ఎప్పుడో వండిపెట్టిన పెళ్లిళ్లవాళ్లు, పిల్లాపాపలతో! లేఖలేవీ అందలేదు కదా అంటే, మీ చేతి అన్నం తిన్నోళ్లకి లేఖెందుకన్నారట.

వండినదంతా అయిపోవచ్చింది. మగపెళ్లివారు ఇంకా తినలేదు. సర్వలక్ష్మి మొహం పాలిపోయింది. అంతలో వచ్చినవాళ్లే కొంగులు బిగించి కూరలు తరిగి, పొయ్యి రాజేశారు. మగపెళ్లివారు అలగలేదు సరికదా, ఇద్దరు బావగార్లు వడ్డనకు దిగారు. వేల విస్తళ్లు నింపిన సర్వలక్ష్మిని అందరూ పట్టుకొచ్చి ఆఖరి బంతిలో కూర్చోబెట్టారు. బంతిలో కూర్చుని ఒకరు వడ్డిస్తుంటే తినడం ఆవిడకు అదే మొదలు. తింటూ ఏడ్చిందని సుభాషిణి చెప్పింది.

పదహార్రోజుల పండుగకు వచ్చిన సుభాషిణి తన పెళ్లి బిళ్లను ఆ పెద్ద ఎర్రబిళ్లకన్నా పైన అంటించి, నన్ను ఎత్తబోయింది.

“దాన్ని కదపకే,” అంది సర్వలక్ష్మి. “నీ పెళ్లి మళ్లీ చేస్తానా ఏంటి?”

అప్పటినుంచి నా మాటే వేదం. కాకపోతే ప్రతి పెళ్లికీ, నేను చెప్పినదానిపైన, లేఖ లేకుండా వచ్చేవాళ్ల కోసమని ఒక గిన్నెడు ఎక్కువ వండుతుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను.